రెండొందల డాలర్ల విల్లు

మా వాళ్ళు ఏ వస్తువునీ ముందు కళ్ళతో చూడరు, రూపాయల్లో చూస్తారు. సింగపూర్ వచ్చి పద్దెనిమిదేళ్ళయినా ప్రతి ధరనీ అరవై ఏడుతో గుణించి గుండె మీద చెయ్యి వేసుకుంటారు. సోఫా కొంటే "ఎంత పడింది?" పిల్లకి కళ్ళజోడు మారిస్తే "ఎంత పడింది?" మా అంతస్తులోనే ఉండే ప్రభావతి గారైతే, నాకు అపెండిక్స్ తీసేసిన మూడో రోజున చూడ్డానికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చోకముందే అదే అడిగింది. నేనూ ఎందర్నో అడిగినదాన్నే కాబట్టి ఆ ప్రశ్నంటే నాకు కోపం లేదు. దానికి నా వెనకాల ఇంకొకరు చెప్పిన జవాబంటేనే ఒళ్ళు మంట.

నా పేరు ఉమ. నలభై ఏడేళ్ళు. సొంతూరు తెనాలి, ప్రస్తుతం సెంగ్‌కాంగ్‌లో పదకొండో అంతస్తు. బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, అంటే ఇతరుల తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. మా ఆయన చక్రధర్ ఇంకో బ్యాంకులో పనిచేస్తాడు. కూతురు మహతికి పదహారేళ్ళు. నాకొక విల్లు ఉంది.

విల్లు అనగానే వెదురు బద్దకి తాడు కట్టినది ఊహించుకోవద్దు. దీని రెండు చివర్లా రెండు చిన్న చక్రాలుంటాయి. తాడు వాటి మీదుగా పోతుంది. లాగేటప్పుడు మొదట్లో నలభై పౌండ్ల బరువు తగులుతుంది, పూర్తిగా లాగాక చక్రాలు తిరిగి ఆరేడు పౌండ్లే చేతిలో మిగులుతుంది. కాంపౌండ్ బో అంటారు. నాది అందులోనూ వేటకి వాడే రకం, అమెరికాలో తయారైంది. వేటాడటానికి ఏమీ లేని ఈ దేశంలో, గుడ్డు కూడా తినని నేను వేట విల్లు కొనడమేమిటని నవ్వని వాళ్ళు లేరు. నవ్వినవాళ్ళలో ఒక్కరు కూడా ఎందుకని అడగలేదు.

ఎందుకో చెప్తాను. మూడేళ్ళ కిందట నా కుడి భుజం బిగుసుకుపోయింది. జడ వేసుకోలేను, పై అరలోంచి కుక్కరు తీయలేను, రైల్లో పైన కమ్మీ పట్టుకోలేను. చొక్కా తొడుక్కోవడానికి మహతిని పిలవాల్సి వచ్చిన రోజున బాత్రూంలో కూర్చుని ఏడ్చాను. ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు పట్టీ ఇచ్చి రోజూ లాగమంది. ఆఫీసులో ఒకావిడ, ఎలాగూ లాగుతున్నావు కదా, విల్లే లాగు అంటూ క్రాంజీ అవతల పొలాల పక్కనున్న తన క్లబ్బుకి తీసుకెళ్ళింది. పద్దెనిమిది పౌండ్లతో మొదలుపెట్టాను. రెండేళ్ళకి నలభై లాగాను. నలభయ్యవ పౌండు లాగిన శనివారం ఇంటికొచ్చి కుక్కరు పై అరలో పెట్టి, మళ్ళీ దించి, మళ్ళీ పెట్టాను. మహతి నన్ను చూసి, "అమ్మా, యూ సియావ్ ఆర్ వాట్?" అంది. పిచ్చెక్కిందా అని అర్థం.

అప్పటిదాకా క్లబ్బు వాళ్ళ విల్లే అరువు. నా చేతి కొలతకి సరిపడేది నాకంటూ ఒకటి ఉంటే డిసెంబరులో జరిగే క్లబ్బు పోటీలో నిలబడొచ్చు. అది నా మనసులో పడింది. ఈ వయసులో నన్ను ఎవరైనా ఏ పోటీకైనా పిలవడం అదే మొదటిసారి.

యీషున్‌లో ఫ్యాక్టరీ గదులుండే ఒక భవనం నాలుగో అంతస్తులో ఉబైద్ దుకాణం. టోలీచౌకి కుర్రాడు, ముప్ఫై దాటి ఉంటాయి, విల్లుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుంటాడు. టార్గెట్ విళ్ళు పొడుగు, బరువు ఎక్కువ, నా భుజానికి మళ్ళీ ఎసరు పెడతాయన్నాడు.

"అక్కా, ఇది వేట విల్లే గాని పొట్టిది, కార్బన్ బాడీ, తేలిగ్గుంటది. మీ భుజానికి ఇదే కరెక్ట్. పైసలు మాత్రం జర ఎక్కువైతయ్, నేను అబద్ధం చెప్పను," అన్నాడు.

చెప్పలేదు కూడా. విల్లు ఒక్కటే రెండు వేల ఎనిమిది వందల తొంభై డాలర్లు. అంతటితో అయిపోతే బాగుండేది. గురి చూసే సైటు ఐదొందల ఇరవై. బాణం ఆనించే రెస్టు మూడొందల పది. చెయ్యి వణక్కుండా ముందు బిగించే కడ్డీ రెండొందల నలభై. తాడు లాగి వదిలే రిలీజు, అరచేతిలో పట్టేంత ఇనప ముక్క, మూడొందల నలభై ఐదు. డజను బాణాలు రెండొందల ఎనభై ఐదు. తాళం వేసే పెట్టె రెండొందల నలభై. మొత్తం నాలుగు వేల ఎనిమిది వందల ముప్ఫై. నా బోనసులోంచి, నా కార్డు మీద కట్టాను. చక్రధర్ నా పక్కనే నిలబడి ఉన్నాడు. మెషీను మీద అంకె చూసి కనుబొమలెత్తాడు గాని ఏమీ అనలేదు. ఆ మౌనానికి మనసులో మెచ్చుకున్నాను కూడా, ఎంత పిచ్చిదాన్నో.

బిల్లు ఇస్తూ ఉబైద్ ఒక్క మాట చెప్పాడు. "ఏమన్నా జేయండి అక్కా, బాణం లేకుండా తాడు లాగి ఇడువొద్దు. బాణముంటే జోరంతా బాణం తీస్కపోతది. లేకుంటే ఆ జోరంతా విల్లు మీదనే పడ్తది. ఒక్కసారి చాలు, ఖతం."

ఇంటికొచ్చి ఆ మాట చక్రధర్‌కీ మహతికీ రెండుసార్లు చెప్పాను. ఇద్దరూ తలూపారు.

దసరా వచ్చింది. మహర్నవమి రోజున ఆయుధపూజ మాకు తప్పదు. ఇక్కడ కారు లేదు, స్కూటరు లేదు కాబట్టి లాప్‌టాప్‌లు, మిక్సీ, కూరగాయల కత్తి, మహతి క్యాలిక్యులేటరు పెడతాం. నిరుడు చక్రధర్ కొనుక్కున్న గోల్ఫ్ సంచి కూడా చేరింది. కర్రలతో కలిపి దాని ధర మూడు వేల నూరు. అడిగినవాళ్ళందరికీ నాలుగు వేలని చెప్తాడు. ఈసారి విల్లు పెట్టమన్నది కూడా ఆయనే. "ఇంట్లో అసలైన ఆయుధమంటూ ఉన్నది అదొక్కటేగా," అన్నాడు. నాకు ముచ్చటేసింది. పీట మీద ఎర్ర గుడ్డ పరిచి, విల్లుకి పసుపు రాసి, రెండు చక్రాలకీ కుంకుమ బొట్లు పెట్టాను. ఉద్వాసన చెప్పేదాకా పూజలో పెట్టినవి ఎవరూ కదపకూడదు. మా అమ్మ దగ్గర్నుంచి వస్తున్న పద్ధతది. వచ్చినవాళ్ళకి కూడా చెప్పాను.

వచ్చినవాళ్ళలో పెద్ద మనిషి మధుసూదనరావు అంకుల్. అరవై ఎనిమిదేళ్ళు. చక్రధర్‌కి ఇక్కడ మొదటి ఉద్యోగం చెప్పిపెట్టింది ఆయనే, మొదటి అద్దింటికి పూచీ నిలబడిందీ ఆయనే. ఆ మేలు మేము మరిచిపోలేదు, ఆయన మమ్మల్ని మరిచిపోనివ్వలేదు. మా ఇంటికొస్తే ఫ్రిజ్ తెరిచి చూస్తాడు, ఏసీ తగ్గిస్తాడు, మహతి ఏం చదవాలో చెప్తాడు.

నేను వంటింట్లో పులిహోర గిన్నెలకెత్తుతున్నాను. హాల్లోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. "శివధనుస్సు! అంకుల్ ఎత్తేశారు!" అని ఎవరో అరిచారు, చప్పట్లు. ఆ మాట అర్థమై నేను గరిటె పడేసేలోపు మహతి గొంతు వినిపించింది. "అంకుల్, క్యానాట్! డోంట్ రిలీజ్!"

పెద్ద చప్పుడైంది. బాంబు పేలినట్టని చెప్పను గాని, ఎదురింటి చైనా ముసలాయన తలుపు తెరిచి చూశాడు.

నేను వెళ్ళేసరికి విల్లు నేల మీద ఉంది. తాడు చక్రాల మీంచి ఊడి పేగులా వేలాడుతోంది. పై రెక్క చీలింది. ఒక చక్రం వంగింది, దాని మీద నేను పెట్టిన బొట్టు అలాగే ఉంది. పదిహేను మంది అంకుల్ చుట్టూ ఉన్నారు. తాడు తగిలి ఆయన ముంజేతి మీద గీత పడింది. ఒకరు ఐసు, ఒకరు పసుపు, ఒకరు మంచినీళ్ళు. విల్లు దగ్గర నేనొక్కదాన్నే.

"సరుకు నాసిరకం అమ్మాయ్," అన్నాడు అంకుల్ సోఫాలో ఆనుకుంటూ. "ఊరికే అలా లాగి వదిలానంతే. ఎవడో నిన్ను బాగా ముంచాడు. ఇంకా నయం, నా కంటికి తగల్లేదు."

"పర్లేదంకుల్, పాతదేలెండి," అన్నాడు చక్రధర్.

పాతదేలెండి! కొని ఐదు వారాలైంది. నోరు తెరిచాను. చక్రధర్ నా వైపు చూసి, ఇప్పుడొద్దన్నట్టు కళ్ళతోనే చెప్పాడు. ఇంటినిండా జనం, పూజ జరిగిన పూట. నోరు మూసుకుని పులిహోర వడ్డించాను. అంకుల్ రెండోసారి అడిగి పెట్టించుకున్నాడు. ఆ గరిటె ఆయన గిన్నెలో పడేసిన తీరులోనే తెలిసింది నాకు నా కోపం ఎంతో.

శనివారం విల్లుని ఉబైద్ దగ్గరికి తీసుకెళ్ళాం. అతను పెట్టె తెరిచాడు. వంగిన చక్రం గాడిలో ఇరుక్కున్న కుంకుమని గోటితో గీకాడు.

"ఖాలీ ఇడిసిన్రు కదక్కా."

"నేను కాదు."

"మీరు కాదని నాకెర్కే." బాధగా నవ్వాడు. "రెక్కలు మార్చాలె, రెండు చక్రాలూ మార్చాలె, తాళ్ళన్నీ కొత్తవి. పదహారు వందల ఇరవై అయితది. కంపెనీ గ్యారంటీ దీనికి రాదు. ఖాలీ ఇడిస్తే రాదని ముందే రాసుంటది."

చక్రధర్ కౌంటరు మీదున్న గ్యారంటీ ఫారం నా ముందుకి జరిపాడు. "బాణం పెట్టి కొడుతుంటేనే విరిగిందని ఫారంలో రాద్దాం. అంత పెద్ద కంపెనీ, వాళ్ళకేం లెక్క? ఎవరికీ ఇబ్బంది ఉండదు."

ఉబైద్ నన్ను చూశాడు. "అక్కా, మీరు రాయమంటే రాస్త. గాని విరిగిన రెక్క అక్కడికి పంపాలె. అక్కడోళ్ళు చూస్తే రెండు నిమిషాల్ల సమజైతది. మల్ల నా దుకాణం మాట ఎవ్వరు నమ్మరు."

ఎవరికీ ఇబ్బంది ఉండదట. ఉబైద్ ఎవరూ కాడు, నేను ఎవరూ కాను, విరగ్గొట్టిన పెద్ద మనిషి ఒక్కడే మనిషి. ఫారం వెనక్కి తోశాను. రిపేరుకి ఒప్పుకుని, డబ్బు తెచ్చాకే విడిభాగాలు తెప్పించమని చెప్పాను. పోటీకి తొమ్మిది వారాలుంది. విడిభాగాలు రావడానికే ఆరు వారాలు పడుతుందన్నాడు.

"ఈ డబ్బు అంకుల్ ఇవ్వాలి," అన్నాను బయటికొచ్చాక.

"ఆయన్ని ఎలా అడుగుతాం ఉమా?"

"నేనడుగుతాను. మీరు పక్కన నిలబడండి చాలు."

మర్నాడు ఉదయం వెళ్ళాం. అంకుల్ వాళ్ళ కాండో అపార్ట్‌మెంటు ఎల్‌ఆర్‌టీ రైల్లో మాకు రెండు స్టేషన్లే. ఆయన భార్య సీతాదేవి గారు కాఫీ ఇచ్చి మూల కుర్చీలో కూర్చున్నారు. నేను నోరు విప్పకముందే అంకుల్ టీపాయ్ మీద ఒక కవరు పెట్టాడు. దాని మూలన కుంకుమ బొట్టు.

"నాకు తెలుసమ్మా నువ్వు మొహం గంటు పెట్టుకున్నావని. ఇందులో రెండొందల యాభై ఒకటి ఉంది. రెండొందలు నీ విల్లుకి, యాభై ఒకటి నీ మనసు కష్టపెట్టినందుకు. ఒకరి సొమ్ము మనకెందుకు?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "రెండొందలని ఎవరన్నారంకుల్?"

"మా చక్రీయే. ఆ రోజు ఎంత పడిందని అడిగితే, సెకండ్ హ్యాండు, రెండొందలే అన్నాడు. అందుకే కదా ధైర్యంగా లాగి చూశాను!"

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో ఆ కుర్చీలో తెలిసింది. గోల్ఫ్ సంచి పక్కనే పెట్టుకుని దాని ధరకి తొమ్మిదొందలు కలిపి చెప్పే మనిషి, నా విల్లు ధరలోంచి నాలుగు వేల ఆరు వందల ముప్ఫై కోసేశాడు. రెండొందల వస్తువు కాబట్టే ఆ చెయ్యి దాని మీద పడింది. అసలు ధర చెప్పి ఉంటే అంకుల్ దాన్ని వేలితో కూడా ముట్టుకునేవాడు కాదు. ఆయన డబ్బుని గౌరవించే మనిషి.

చక్రధర్ వైపు తిరిగాను. "మీరే చెప్పండి. ఎంత పడింది?"

ఆయన కాఫీ గ్లాసులోకి చూశాడు. "నాకు సరిగ్గా గుర్తు లేదు. అంతా తనే చూసుకుంది అంకుల్."

పద్దెనిమిదేళ్ళ కిందట దిగిన విమానం టికెట్టు ధర గుర్తున్న మనిషి. మెషీను మీద అంకె చూసి కనుబొమలెత్తిన మనిషి.

సంచిలోంచి బిల్లు తీసి గట్టిగా చదివాను. విల్లు, రెండు వేల ఎనిమిది వందల తొంభై. సైటు, ఐదొందల ఇరవై. రెస్టు, మూడొందల పది. ఒక్కొక్క వస్తువు చదువుతుంటే అంకుల్ పెదవులు కదులుతున్నాయి, అరవై ఏడుతో గుణిస్తున్నాడు. మొత్తం చదివేసరికి ఆయన లెక్క కూడా పూర్తయింది.

"మూడు లక్షల ఇరవై మూడు వేలా! దేనికమ్మాయ్? ఉల్లిపాయ కూడా ముట్టని దానివి, జింకల్ని కొడతావా?"

"అంత అడగడం లేదంకుల్. రిపేరు పదహారు వందల ఇరవై. అదీ వద్దంటే మానెయ్యండి. 'నా చేతిలో విరిగింది' అని ఒక్క మాట అనండి. నేను వెళ్ళిపోతాను."

"నా చేతిలో విరగడమేమిటి? మూడు లక్షల వస్తువు ఒక్క లాగుడికి విరుగుతుందా? నిన్ను మోసం చేసినవాణ్ణి అడక్కుండా పెద్దవాణ్ణి, నా ఇంటికొచ్చి నా ముందే బిల్లు చదువుతావా?" ఆయన చక్రధర్ వైపు తిరిగాడు. "ఏం అబ్బాయ్, ఇంటావిడని ఇలాగేనా ఉంచుకునేది? నువ్వెలా కొననిచ్చావు?"

అప్పుడు నా భర్త నోరు తెరిచాడు. "సారీ అంకుల్," అన్నాడు.

విరగ్గొట్టినవాడు సారీ చెప్పలేదు. విరగ్గొట్టినవాడికి మేము సారీ చెప్పాం. కవరు అక్కడే వదిలేసి లేచాను.

సీతాదేవి గారు గుమ్మం దాకా వచ్చి, బొట్టు పెట్టి, గొంతు తగ్గించి అన్నారు. "ఆ రోజు కార్లోనే అన్నారమ్మా. 'నా వల్లే విరిగింది, ఇంకా నయం చౌకది' అని. ఆయనకి తెలుసు." అని చటుక్కున లోపలికి వెళ్ళిపోయారు. నాకు ఆవిడ మీద కూడా కోపమొచ్చింది. ఆ మాట హాల్లో అనొచ్చుగా.

రైల్లో చక్రధర్ మొదలుపెట్టాడు. "పెద్దాయన్ని నొప్పించావు. ఆయన మనకి ఎంత చేశాడు!"

"రెండొందలని ఎందుకు చెప్పారు?"

"మరేం చెప్పను? పెళ్ళాం దాదాపు ఐదు వేలు పోసి విల్లు కొంటే నన్ను ఏమనుకుంటారు?"

"మిమ్మల్నా?"

ఎదుటి సీటులో ఒక పాప ఐస్‌క్రీం బొమ్మున్న సంచి పట్టుకుని నన్నే చూస్తోంది. నా మొహం ఎలా ఉందో మరి, వాళ్ళమ్మ పాపని దగ్గరికి లాక్కుంది. నా డబ్బు, నా భుజం, నా విల్లు. దాని ధర చెప్తే పరువు మాత్రం ఆయనది పోతుందట.

ఇంటికొచ్చాక చక్రధర్ పడుకున్నాడు. నేను హాలు మూలనున్న గోల్ఫ్ సంచిని గోడకి ఆనించి ఫొటో తీశాను. దాని మీద ఆయుధపూజ కుంకుమ ఇంకా ఉంది. పాత సామాన్లు అమ్మే యాప్‌లో పెట్టాను. గోల్ఫ్ కర్రల పూర్తి సెట్టు, ఏడాది వాడకం, చెక్కుచెదరలేదు, రెండొందల డాలర్లు. పది నిమిషాల్లో ముప్ఫై మంది రాశారు. పొంగోల్లో ఉన్నాయన అరగంటలో వస్తానన్నాడు.

వచ్చాడు. సన్నటి మనిషి, మోకాళ్ళ దాకా నిక్కరు, చేతిలో నాలుగు యాభై నోట్లు తయారుగా పట్టుకున్నాడు. గేటు చప్పుడుకి చక్రధర్ లేచొచ్చి, ఆ మనిషి తన సంచి భుజాన వేసుకుని బరువు చూస్తుంటే నిర్ఘాంతపోయాడు.

"ఏమిటిది?"

"గోల్ఫ్ సెట్టు అమ్ముతున్నాను. రెండొందలు."

"రెండొందలా! నీకేమైనా మతి పోయిందా? వాటి ఖరీదెంతో తెలుసా?"

"సరిగ్గా గుర్తు లేదు. మీరే చెప్పండి."

"డ్రైవరు కర్ర ఒక్కటే ఏడొందల యాభై! ఐరన్లు పదమూడొందలు! వుడ్స్ నాలుగొందల ఇరవై, పట్టరు మూడొందల ఎనభై, సంచే రెండొందల యాభై పడింది!" ఒక్క డాలరు తడబడలేదు. "మూడు వేల నూరు ఉమా, మూడు వేల నూరు!"

"నాలుగు వేలని కదా చెప్తుంటారు?"

మహతి తన గది తలుపు తెరిచి నిలబడింది. పొంగోల్ మనిషి మా మాటలు తెలియకపోయినా సంగతి తెలిసిపోయి, సంచి నెమ్మదిగా కింద పెట్టాడు.

"మరి నా విల్లు?" అన్నాను.

"బయటివాళ్ళ ముందు ఇదంతా ఎందుకు?"

"బయటివాళ్ళ ముందే కదా దాని ధర రెండొందలైంది. చూడండి, మీ అంకుల్ని నొప్పించకూడదన్నది మీ ఇష్టం. ఆ ఇష్టానికయ్యే ఖర్చు పదహారు వందల ఇరవై. ఇప్పుడే ఆయనకి ఫోన్ చేసి, విల్లు ధర నేనే అబద్ధం చెప్పానంకుల్, విరిచింది మీరే, రిపేరు డబ్బివ్వండి అని అడగండి. లేదా ఈ కర్రలు ఆ ధరకి అమ్మండి. నా విల్లు డిసెంబరుకి నా చేతిలో ఉండాలి."

చక్రధర్ జేబులోంచి ఫోను తీశాడు. చాలాసేపు చూశాడు. ఆయన ఆ నంబరు నొక్కి ఉంటే, నిజం చెప్తున్నాను, కర్రలన్నీ నేనే తుడిచి లోపల పెట్టేదాన్ని.

ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. పొంగోల్ మనిషితో, ధర పొరపాటు పడింది, పదహారు వందల ఇరవై అని ఇంగ్లీషులో చెప్పాడు. ఏడాది వాడిన మూడు వేల నూరు డాలర్ల సెట్టుకి అది సరైన ధరే. ఆ మనిషి గొణిగాడు, కర్రలొక్కొక్కటే తీసి చూశాడు, చివరికి పదహారు వందలకి ఒప్పుకుని ఫోన్లోంచే పంపించాడు. తక్కువైన ఇరవై చక్రధర్ తన పర్సులోంచి తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ఈ ఎర్రగా ఉన్నదేమిటి?" అని సంచి మీది మరక చూపించి అడిగాడు పొంగోల్ మనిషి.

"పూజ చేశాం," అన్నాను. "అయిపోయింది. ఇప్పుడు ఎవరైనా ముట్టుకోవచ్చు."

సంచి లిఫ్టు దాకా మోస్తానని చక్రధర్ తనే భుజానికెత్తుకున్నాడు. నేను గేటు వెయ్యబోతుంటే నడవా చివర్నుంచి ప్రభావతి గారి గొంతు వినిపించింది. సూపర్‌మార్కెట్ సంచులతో అప్పుడే లిఫ్టు దిగింది.

"అయ్యో, గోల్ఫ్ సెట్టు అమ్మేశారా చక్రధర్ గారూ? ఎంతకిచ్చారు?"

"పదహారు వందల ఇరవై."

"ఏమొచ్చింది అంత అవసరం?"

"ఉమ విల్లు రిపేరుకి."

"రెండొందల విల్లుకి పదహారు వందల రిపేరా?" ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆవిడకీ చెప్పాడన్న మాట. అంతస్తంతా చెప్పాడన్న మాట.

సంచిని లోపల పెడుతున్న చప్పుడు, ఆయన కూడా గబగబా లిఫ్టులోకి ఎక్కేసిన చప్పుడు. నేను చెప్పుల్లేకుండానే నడవాలో పరిగెత్తి, మూసుకుంటున్న తలుపుల పక్కన బటన్ నొక్కి పట్టుకున్నాను. తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. లోపల పొంగోల్ మనిషి, సంచి, నా భర్త. పక్కన కూరగాయల సంచులతో ప్రభావతి గారు.

"ప్రభావతి గారు అడుగుతున్నారు," అన్నాను. "చెప్పండి. నా విల్లు ఎంత పడింది?"

లిఫ్టు కీచుమంటోంది. నా వేలు బటన్ మీదే ఉంది. మూడేళ్ళ కిందటైతే ఆ చెయ్యి అంత ఎత్తుకి లేచేదే కాదు, ఇప్పుడు సాయంత్రం దాకా అయినా అలాగే పట్టుకుని నిలబడగలను. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"నాలుగు వేల ఎనిమిది వందల ముప్ఫై," అన్నాడు చక్రధర్.

అప్పుడు బటన్ వదిలాను.